మంద ఉప్పు

మా బాపు మా అమ్మను కంచంతో కొట్టడం నేను మొదటిసారి చూసింది ఉప్పు లేని గట్క దగ్గర. జొన్నరవ్వతో వండిన గట్క, ఇంకా పొగలు కక్కుతోంది. బాపు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మి, ఇత్తడి కంచం విసిరాడు. అంచు అమ్మ చెవికి తగిలింది. నెత్తురు మెడ మీదుగా రవికెలోకి కారుతుంటే అమ్మ కిందపడ్డ గట్కను పోగుచేసి కుక్కకు వేసింది. ఇంకో కంచంలో అదే గట్క పెట్టుకొచ్చి బాపు ముందర పెట్టింది.

"తింటె తిను, కొడితె కొట్టు. ఉప్పు మాత్రం ఎయ్య," అన్నది.

రామన్నపేట దగ్గర చిన్న ఊరు మాది, గొర్లు కాసుకునే ఇల్లు. సాగర్ డ్యాం కట్టడానికి మా వైపు జనం కూలికి పోతున్న రోజులవి. నాకు పదకొండేళ్ళు. బాపు చెరో చంకలో ఒక గొర్రెపిల్లను పెట్టుకుని వాగు దాటే మనిషి. అట్లాంటి మనిషికి ముందు కళ్ళ కింద ఉబ్బు వచ్చింది, తర్వాత పాదాలకు. వేలితో నొక్కితే గుంటపడి అట్లాగే ఉండేది. భువనగిరి దవాఖానలో డాక్టరు మూత్రపిండాలు చెడ్డాయన్నాడు. గోలీలు ఇచ్చి, ఉప్పు మానకపోతే తన మందు బూడిదలో పోసిన పన్నీరే అన్నాడు. బతుకుతాడా అని అమ్మ అడిగితే, "పథ్యం చేస్తే," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ ఇంటికి వచ్చింది. ఉప్పు గురిగి, తొక్కు జాడీ, ఎండు చేపలు అన్నీ అదే రోజు పక్కింటికి పోయాయి. రోగం బాపుది, పథ్యం నలుగురిది. అమ్మ, నేను, బాపును కన్న అవ్వ, అందరం చప్పిడే తిన్నాం.

"ఒకరు తింటుంటె ఒకరు చూస్తరా? గట్లయితే పథ్యం నిలువదు," అన్నది అమ్మ.

"లంఖణం పరమౌషధం అన్నరు గని, గిది లంఖణం కాదు పిల్లా, జేలు," అని అవ్వ గొణిగేది. గొణుగుతూనే తినేది.

మొదటి నెలలో ఉబ్బు తగ్గింది. బాపు కళ్ళు మళ్ళీ కళ్ళలాగా కనబడ్డాయి. తన్నులు మాత్రం తగ్గలేదు. పొద్దున గట్కకు ఒక దెబ్బ, సాయంత్రం పప్పుకు ఒక దెబ్బ. అమ్మ చెవికి చీము పట్టింది, ఆ వైపు వినికిడి పోయింది. ఇక నుంచి తిట్లు సగమే వినబడతాయని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు బాపు మీద కన్నా అమ్మ మీదే కోపం వచ్చేది. ఎందుకు పడుతుంది ఇన్ని దెబ్బలు అని పళ్ళు కొరికేదాన్ని.

రెండో నెలలో ఉబ్బు తిరిగి వచ్చింది. ఈసారి తొడల దాకా. ఇంట్లో ఉప్పు కల్లు లేదు, మరి ఒంట్లో నీరు ఎట్లా చేరుతోంది? చెడంతా కడుపులో కూర్చున్నదని, కడుపు కడగాలని అమ్మకు ఎవరో చెప్పారు. డాక్టరు ఆ మాట అనలేదు. అమ్మ ఆయనను అడగనూ లేదు. అమావాస్య నాడు నేలతంగేడు ఆకు కషాయం కాచి, దాని మీద ఆముదం పోసింది. బాపు మూతి బిగించాడు. ఇద్దరు పాలివాళ్ళు రెక్కలు విరిచి పట్టుకుంటే అమ్మ గరిటె కాడతో పళ్ళ సందు తెరిచింది. ముందరి పన్ను ఒకటి విరిగింది. బాపు ఆమె బొటనవేలు ఎముక దాకా కొరికాడు. రోజంతా విరేచనాలతో పెరట్లోనే పడి ఉన్నాడు. మర్నాడు ఉబ్బు కొంచెం దిగినట్టు కనిపించేసరికి, వచ్చే అమావాస్యకు మళ్ళీ కషాయం పోయాలని అమ్మ ఆశపడింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం నేను గొర్ల దొడ్డికి పోయాను. మందకు వారానికోసారి బండ మీద దొడ్డుప్పు చల్లి గొర్లతో నాకిస్తారు. ఆ ఉప్పు కుండ దొడ్డిలోనే ఉంటుంది. మంద సొమ్ము మనుషులు తింటే గొర్లకు కీడని మా ఇంటి ఆనవాయితీ, కరువులో కూడా అది పొయ్యి దగ్గరికి రాలేదు. అందుకే ఊరి ఉప్పంతా అనుమానించిన అమ్మకు ఆ కుండ గుర్తే రాలేదు. బాపు కుండ పక్కన కూర్చుని ఉన్నాడు. అరచేతిలో ఉప్పుకల్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నాకుతున్నాడు.

నన్ను చూసి ముందు కర్ర ఎత్తాడు. "చెప్తివా, కాళ్ళు ఇరగ్గొడ్త." తర్వాత కర్ర దించి, ఒక చింతకాయ, ఒక ఉప్పుకల్లు నా చేతిలో పెట్టాడు. రెండు నెలల చప్పిడి నోరు నాది. తిన్నాను. మర్నాడు కూడా పోయాను. అప్పుడు ఎవరూ కర్ర ఎత్తలేదు.

ఇంటి దగ్గర మాత్రం బాపు చప్పిడి గట్కకు అమ్మను అట్లాగే కొట్టేవాడు. జుట్టు పట్టి గోడకేసి కొట్టిన రోజు, అమ్మ తల మీదుగా నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూసుకున్నాను.

అమావాస్య వచ్చింది. ఈసారి కషాయం ఇంకా చిక్కగా కాచింది అమ్మ. మధ్యాహ్నానికి బాపు పెరట్లో పక్కకు ఒరిగాడు. కళ్ళు పైకి పోయాయి, చేతులు కొంకర్లు పోయాయి. అవ్వ గుండెలు బాదుకుంది. అప్పుడు నాకు నోరు వచ్చింది.

"అమ్మా, బాపు మంద ఉప్పు తింటాండు."

అమ్మ దొడ్డికి పోయి ఉప్పు కుండ ఎత్తి బండకేసి కొట్టింది. గొర్లు ఎగబడి ఆమె కాళ్ళ సందుల్లోంచి ఉప్పు నాకుతుంటే వాటిని తొక్కుకుంటూ వచ్చింది, చేతిలో బాపు కర్రతో. స్పృహలో లేని మనిషి ఉబ్బిన కాళ్ళ మీద మోదింది. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. దెబ్బ పడ్డచోటల్లా చారగా గుంటపడి అట్లాగే ఉండిపోయింది. అవ్వ మీద పడి ఆపింది. అమ్మ కర్ర పారేసి బండి కట్టించింది.

భువనగిరిలో డాక్టరు అమ్మనే తిట్టాడు. రెండోసారి కషాయమే ప్రాణం మీదికి తెచ్చిందని, ఉప్పు మానిపించమంటే పేగులు కడగమన్నది ఎవరని. అమ్మ తల వంచుకుని అన్నీ విన్నది, వినబడే చెవితో. నాలుగో రోజు బాపుకు మాట వచ్చింది. అమ్మ మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"ఉప్పు దొరికినంక గూడ నన్ను ఎందుకు కొట్టినవ్?"

బాపు పైకప్పు చూస్తూ అన్నాడు, "కొట్టకపోతె నీకు అనుమానం వస్తుండె."

అమ్మ ముంత మూత తీసింది. చప్పిడి జావ ఎప్పటిలాగే ముందు తను ఒక గుక్క రుచి చూసింది. తర్వాత బాపు నోటికి పెట్టింది. ఆయన తాగాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వెప్పుడు చూసినవ్ బిడ్డా?"

"మొన్న కషాయం పోసిన్నాడే. పొద్దుగాల," అన్నాను.

బాపు నా మొహం చూశాడు. ఇంకో గుక్కకు నోరు తెరిచాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు గానీ, నెల రోజులు దాచిన నా వంతు నీళ్ళు అమ్మే తాగింది.

బాపు ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, చెయ్యి ఎత్తకుండా. ఆయన మారాడని ఊరంతా అన్నది. సత్తువ లేక చెయ్యి లేవలేదు, అంతే. అమ్మ మాత్రం ముసలితనంలో కూడా ఇంటికి వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి, చెవిటి చెవి తడుముకుంటూ, "నా బిడ్డ చూసిన్నాడే చెప్పింది గనుకనే వాళ్ళ బాపు బతికిండు," అని చెప్పేది.