ఆరింటి లోపల నల్లా వస్తే

నాకు ఇరవై మూడేండ్లున్న రోజులల్ల దేవునికి నేను పెట్టిన పని ఇంకెవరూ పెట్టి ఉండరు. పెండ్లి, నౌకరి గురించి ఆయన చిత్తమేందని అందరూ అడుగుతరు. నేను అక్కడ ఆగలే. బొల్లారం పోయే కంపెనీ బస్సు ఎక్కాల్నా షేరింగ్ ఆటోల పోవాల్నా, నీలం అంగీ తొడుక్కోవాల్నా తెల్లదా, అన్నిటికీ ఆయన్నే అడిగేటోణ్ణి. ఊకె అడిగితే జవాబు తెలుస్తదా? అందుకని గుర్తు గూడ నేనే చెప్పేటోణ్ణి. మా సంగారెడ్డి చర్చి సంఘంల యూత్ మీటింగ్ పెట్టిన అన్న ఒకాయన, దేవుడు ప్రతి అడుగుకూ దారి చూపిస్తడు, మనమే అడుగుత లేమని చెప్పిండు. ఆయన చెప్పింది ఒకటి, నేను పట్టుకున్నది ఇంకోటి. (నా సంగతి తెలిస్తే పాపం ఆ మీటింగే పెట్టకపోవును.)

అప్పుడు నేను బొల్లారంల ఒక మందుల ఫ్యాక్టరీల ట్రైనీ కెమిస్టును. పటాన్‌చెరుల ఒక ఇంటి వెనుక రూము కిరాయికి తీసుకున్న. ఇంటాయన గోదావరి దిక్కు నుంచి సర్కారు ఫ్యాక్టరీల నౌకరికొచ్చి, రిటైరై ఇక్కడ్నే ఉండిపోయిండు. మోకాళ్ల నొప్పులతోని మంచం దిగాలన్నా పరేషాన్. సెలవు రోజుల ఆయన్ను బండి మీద దవాఖానకు తీస్కపోయేది నేనే. ఇంటి పెత్తనమంత ఆయన భార్యది, ఆమెను ఆంటీ అని పిలిచేటోణ్ణి. నా రూముకూ ఆమె వంటింటికీ నడుమ ఒక్కటే గోడ, అది గూడ పైన రేకుల దాక లేకుండె. ఆ సందుల నుంచి ఆమె పోపు వాసన నా దిక్కు వచ్చేది. నా దిక్కు నుంచి అటు ఏం పోతున్నదో నేనెన్నడూ ఆలోచించలే.

పోయేది నా ప్రార్థన. మా ఇంట్ల, మా సంఘంల ప్రార్థనంటే గొంతెత్తి చేసుడే. మెల్లగ చేస్తే విశ్వాసం తక్కువున్నదనుకుంటరు. పొద్దుగాల ఐదింటికి మోకరిస్తే గల్లీల కుక్కలు గూడ లేచి కూసునేటివి. ఒకనాడు జెర జ్వరం తగిలింది. "ప్రభువా, ఇయ్యాల నేను డ్యూటీకి పోవుడు నీ చిత్తమైతే ఆరింటి లోపల నల్లాల నీళ్లు వచ్చేటట్టు చెయ్యి" అని అడిగిన. మా నల్లా ఏడు గాకముందు ఎన్నడూ రాలే. (పోవద్దన్నది నా చిత్తం, అందుకే ఏరి కోరి ఆ గుర్తు పెట్టిన.) ఐదు నలభైకల్లా నల్లా బుస్సుమన్నది. నాకు ఒళ్లు జలదరించింది. మూలుక్కుంట బస్సెక్కిన.

ఇగ అప్పటి సంది గుర్తు మీద గుర్తు. ఉపవాసమున్న ఒక రోజు, ఈ పూటకు విడుచుడు నీ చిత్తమైతే ఎవరితోనన్న అన్నం పంపు తండ్రీ అన్న. పావుగంటల ఆంటీ గిన్నెడన్నం, దొండకాయ వేపుడు పట్టుకొచ్చింది. ఫ్యాక్టరీల ప్రతి రియాక్షన్‌కూ కారణం రాసేటోణ్ణి, ఇంట్ల మాత్రం నా బుర్రకు ఏమీ తట్టలే. మోటరు సప్పుడు రోజూ వింటనే ఉన్న గని, దాన్ని వేసేటోళ్లు ఒకళ్లుంటరన్న ఆలోచనే రాలే. పైగా ఆదివారం సంఘంల నిలబడి ఈ నల్లా గురించి సాక్ష్యం చెప్పిన. అందరూ స్తోత్రమన్నరు. అమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ఇద్దరు పెద్దమ్మలైతే వాళ్ల సంగతులు గూడ జెర దేవుణ్ణి అడగమని నాకు అప్పజెప్పిన్రు.

గిట్ల నడుస్తుండగ అసలు ముచ్చట వచ్చింది. మా కంపెనీ విశాఖ దిక్కు కొత్త ప్లాంటు పెట్టింది. అక్కడికి పోతే పర్మినెంటు. పోకపోతే రెండు నెలలకు నా ట్రైనింగు అయిపోతది, ఇక్కడ నౌకరి ఉంటదన్న గ్యారంటీ లేదు. అమ్మ, అంత దూరమెందుకు బిడ్డా అన్నది. మా షిఫ్ట్ సార్, శుక్రవారం లోపల సంతకం పెట్టమన్నడు. బుధవారం పొద్దుగాల మోకరించి, ఎప్పటికన్న గట్టిగనే, శుక్రవారం ఆరింటి లోపల నల్లా వస్తే పోత, రాకపోతే ఇక్కడ్నే ఉంట అని దేవునితోని ఒప్పందం చేసుకొని ఆమెన్ అన్న. రెండు నిమిషాలకు తలుపు కొట్టిన సప్పుడైంది. సూస్తే తడి చేతులతోని ఆంటీ.

"బాబూ, ఏమీ అనుకోకండి. ఆ శుక్రవారం నల్లా సంగతి మాత్రం నాకొదలకండి" అన్నది.

నాకు సమజ్ కాలే. ఆమె సిగ్గుపడుకుంట, పాత సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పింది. డ్యూటీకి నీళ్లు గావాల్నేమో అనుకొని ఆ రోజు జల్దీ మోటరు వేసిందట. జ్వరమని తెలిస్తే వేయకపోవునట. పొద్దున్నే మనిషి అంత గొంతు పెట్టుకొని అడుగుతుంటే, చేతిలో ఉన్న పని చెయ్యకుండా విననట్టు ఎట్ల ఊరుకుంటామన్నది.

"ఇందాక నాకేమనిపించిందో తెలుసా? శుక్రవారం మోటరు వెయ్యకపోతే మీరు ఇక్కడే ఉండిపోతారు కదా, మా ఆయనకు తోడుంటారు కదా అని. ఆ బుద్ధి పుట్టాక ఇక ఆ స్విచ్చు మీద చెయ్యి వెయ్యలేను బాబూ. ఇది మీరూ మీ దేవుడూ తేల్చుకోండి."

ఆమె పోయినంక ముందు నా సాక్ష్యం యాదికొచ్చి సిగ్గుతోని సచ్చిపోయిన. జెర సేపటికి ఇంకో సంగతి తెలిసింది, అది ఇంకింత సిగ్గు. నాకు విశాఖ పోవాల్ననే ఉండె. పోయినంక తప్పైతే ఆ తప్పు నా మీదికి రావద్దని, ఆయన మీద వేద్దామని ఇన్ని గుర్తులు అడుగుతున్న. శుక్రవారం ఏ గుర్తూ లేకుండనే సంతకం పెట్టిన. ఆదివారం సంఘంల మళ్ల నిలబడి మోటరు వేసింది ఆంటీ అని ఒప్పుకున్న. అందరూ నవ్విన్రు. మా పాస్టరు అయ్యగారు మాత్రం, ఆమెకు ఆ బుద్ధి ఇచ్చిందెవరు నాయనా అన్నడు. నేను వాదం పెట్టుకోలే, అప్పటికే చాలైంది.

పోయే రోజు బ్యాగు పట్టుకొని చెప్పొద్దామని ముందటింట్లకు పోయిన. వచ్చే నెల అంకుల్‌కు మోకాలు ఆపరేషన్. ఆంటీ కుర్చీ జరిపి, "ఈయన కోసం ఒక్కసారి ప్రార్థన చేసి వెళ్లండి బాబూ. రోజూ చేస్తారే, అలా గట్టిగా" అన్నది. ఆయన మంచం మీద చేతులు జోడించి కండ్లు మూసుకున్నడు. నేను మోకరించిన, నోరు తెరిచిన. ఇన్నేండ్ల సంది ఏనాడూ మొరాయించని గొంతుల నుంచి ఆ రోజు ఒక్క మాట గూడ పెగల్లే. ఎంత సేపు అట్లనే ఉన్ననో నాకే తెల్వదు. ఇగ అయిపోయింది కావచ్చనుకొని ఆంటీనే మెల్లగ ఆమెన్ అన్నది.

ఆపరేషన్ మంచిగనే అయ్యిందని తర్వాత ఫోన్ చేసి చెప్పింది, మీరు అంత బాగా అడిగారు కదా అని. నేనేం అడగలేదు ఆంటీ అని చెప్పబోయి ఊకున్న. నలభై దాటిన ఇప్పుడు ఆంటీ మెచ్చుకున్న ఆ మాటకు లోపల మురిసిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తది, ఎందుకో కండ్లల్ల నీళ్లు గూడ తిరుగుతయి.