సాంచెలు ఆగిన పూట

ఆ రోజుల్లో పరీక్షకు చదవడం వేరు, చదవడానికి సిద్ధం కావడం వేరు. ఈ రెండవ పనిలో నన్ను మించినవాడు కరీంనగర్ మొత్తం మీద లేడని ఇప్పటికీ నా నమ్మకం. డిగ్రీ చివరి సంవత్సరం లెక్కల పేపరు కోసం నేను గీసుకున్న టైంటేబుల్ ఒక చూడముచ్చటైన వస్తువు. ఎర్ర పెన్సిలు గీతలు బీజగణితానికి, నీలి గీతలు విశ్లేషణకు. మధ్యలో విశ్రాంతికి ఒక గడి, విశ్రాంతి తర్వాత మనసు కుదుటపడటానికి ఇంకొక గడి. (డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది కాబట్టి, టైంటేబుల్ గీసిన సంగతి కూడా డైరీలో రాసుకునేవాణ్ణి. అందుకు కూడా సమయం పట్టేది.) చదివినది తాజాగా గుర్తుండాలని చదవడాన్ని అన్నిటికంటే చివర పెట్టాను. అంటే అప్పటికి పుస్తకం విప్పలేదన్నమాట.

అలాంటి ఒక ఉదయం ఇచ్చోడ మా ఇంటికి ఊడిపడ్డాడు. ఇచ్చోడ ఊరి పేరే కానీ, ఆ ఊరి నుంచి మా కాలేజీకి వచ్చినవాడు ఇతనొక్కడే కావడంతో మాకు మనిషి పేరు కూడా అదే అయింది. కరీంనగర్‌లో బస్సెక్కి మా సిరిసిల్ల దాకా వచ్చిన మనిషి, గడపలో నిలబడే అరిచాడు. అతను ఎవరినైనా 'భావూ' అనే పిలిచేవాడు, మరాఠీలో అన్నా అని.

"అరె భావూ, లెక్కల పరీక్ష ముందటికి జరిపిండ్రు! ఎల్లుండే! నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు, నువ్వు సూస్తలేవని ఉరికొచ్చిన."

నా చేతిలోని ఎర్ర పెన్సిలు కింద పడింది. ఇచ్చోడ గోడ మీది టైంటేబుల్‌ను ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"గిదంత గీసుడేనా, జర సదివినవా ఏమన్న?"

"రేపటి నుంచి మొదలు పెడదామనుకున్న."

"మస్తుగున్నది భావూ. గిది పటం కట్టించు," అని నీళ్లైనా తాగకుండా తిరుగు బస్సుకు వెళ్లిపోయాడు. పాపం, అతనికీ అదే పరీక్ష.

నాకు ఆ పేపరు అంతకు ముందు ఒకసారి పోయింది. అప్పుడే బాపు, అంటే మా నాన్న, ఒక్క మాటతో తేల్చేశాడు: "ఈసారి తప్పితివా, సదువు బందు. వచ్చి సాంచెల మీద నిలబడు." సాంచెలంటే మరమగ్గాలు. మాది నేత ఇల్లు. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము. నేను పుట్టింది, పెరిగింది, అఆలు దిద్దింది అన్నీ ఆ టకటకల్లోనే. బాపు మాట అంటే మాటే కాబట్టి, ఎల్లుండి నేను ఏం రాస్తే అదే నా బతుకు.

సంగతి తెలిసిన బాపు, మా ఇంటి చరిత్రలో ఎన్నడూ జరగని పని చేశాడు. పోయి సాంచెలన్నీ ఆపేశాడు. సాంచె ఆగితే కూలీ ఆగుతుంది. అయినా ఆపాడు. "పిలగాడు సదువుకోవాలె. ఎవ్వలు గట్టిగ మాట్లాడొద్దు," అని గుసగుసగా అందరికీ చెప్పి, కాలి వేళ్ల మీద నడవసాగాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరం తలకెక్కలేదు. చెవుల్లో ఏదో ఖాళీగా ఉంది. కూర్చుంటే కుదరదు, లేస్తే తోచదు. అంతలో వీధిలోంచి ఎదురింటి పెద్దమ్మ వచ్చింది.

"ఏమైందే, సాంచెలు బందైనయ్? ముసలవ్వ పాణం ఎట్లున్నది?"

మా వాడలో పట్టపగలు, కరెంటు ఉండి కూడా సాంచెలు ఆగాయంటే అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరో పోయారు. అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ తల కూడా ఎత్తకుండా జవాబిచ్చింది: "నేనింక పోలే బిడ్డా. పొద్దూకి రా."

పెద్దమ్మ వెనకే ఇంకొకరు, వాళ్ల వెనకే ఇంకొకరు. మూలమీది చాయ్ హోటల్ చాచా అయితే పరామర్శకు వచ్చేవాళ్ల కోసం కెటిల్ నిండా చాయ్ కూడా పట్టుకొచ్చాడు. "ఫికర్ చేయకు భాయ్, మేమంత లేమా?" అని బాపు భుజం మీద చెయ్యి వేశాడు.

"అరె చాచా, ఎవ్వలు పోలేదు. పిలగానికి పరీక్ష!"

చాచా నన్ను జాలిగా చూసి, తెచ్చిన చాయ్ నాకే పోశాడు.

మధ్యాహ్నానికి నేను అన్నం ముందు కూర్చుని శూన్యంలోకి చూస్తుంటే అవ్వకు, అంటే మా అమ్మకు, అర్థమైంది. "వీడు పుట్టిన సంది చప్పుడుల పండినోడు. చప్పుడు లేకుంటె వీనికి బువ్వ సుత దిగదు, ఇంక లెక్కలేం దిగుతయ్?" అంటూ పోయి సాంచెలు నడిపించమంది. టకటక మొదలైంది. ఆశ్చర్యం! శ్రేణులు, సమీకరణాలు చెప్పిన మాట విన్నట్టు వరుసగా వచ్చి తలలో కూర్చున్నాయి.

కానీ పరీక్ష హాల్లో సాంచెలుండవు కదా. పేపరు చేతికిచ్చాక ఆ పెద్ద గది ఎంత నిశ్శబ్దంగా మారిందంటే, నాకు నా హాల్‌టికెట్ నంబరు కూడా గుర్తు రాలేదు. అప్పుడు వెనక వరుసలో ఒక పాత ఫ్యాను గొణిగింది. టక్, టక్, టక్. నా కలం కదిలింది. ఒక లెక్క పూర్తయింది, రెండవది సగంలో ఉంది. ఫ్యాను కింద కూర్చున్నవాడు లేచాడు.

"సార్, గీ ఫ్యాను బంద్ చెయ్యిండ్రి, పరేషానైతుంది."

సారు స్విచ్చు మీద చెయ్యి వేశాడు. నేను లేచి నిలబడ్డాను. "సార్! బంద్ చేస్తె నేను తప్పుత సార్!"

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఇచ్చోడ.

"గాలి కావాల్నా నీకు?" అన్నాడు సారు.

"గాలి వద్దు సార్. చప్పుడు కావాలె."

సారు నన్ను కాసేపు పరీక్షగా చూశాడు. ఎండల కాలం, ఫ్యాను ఆపితే ఆయనకూ ఉక్కపోస్తుంది. చివరకు ఆ ఫిర్యాదు చేసినవాణ్ణి నా బెంచీకి, నన్ను అతని బెంచీకి మార్చాడు. మిగతా పేపరంతా ఆ టకటక కిందనే రాశాను.

పాసయ్యాను. ఫలితం విన్న బాపు గుమ్మంలోనే కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. మర్నాడే కొండగట్టుకు బయలుదేరదీశాడు, మొక్కు ఉందని. మెట్లెక్కుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

"నా కోసం మొక్కినవా బాపు?"

"నీ కోసమా?" బాపు ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. "పోయిన దసరకు జరసేపు సాంచెలు సూడుమని పోతె, నువ్వు ఏందో లెక్క యాది జేసుకుంట నిలవడ్డవు. పోగులన్ని తెగినయ్. నువ్వు తప్పి సాంచెల మీదికి వస్తివా, అవి ఏం గావాలె? వాటి కోసం మొక్కిన."

నేను దర్శనం అయ్యేదాకా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత లెక్కల మాస్టారునై, ఆ పనిలోనే రిటైరయ్యాను. తప్పితే సాంచెల మీద నిలబెడతానని బెదిరించిన మనిషి, ఆ మాట నిలబెట్టుకోవలసి వస్తుందేమోనని నాకంటే ఎక్కువ భయపడ్డాడని అర్థం కావడానికి ఇంత వయసు పట్టింది. ఆ మెట్ల మీద మూతి ముడుచుకుని ఎక్కుతున్న కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే, "నవ్వరా, నువ్వూ బాపూ ఇద్దరూ గట్టెక్కారు," అని చెప్పాలనిపిస్తుంది.