ఎండబోసిన సోడాలైం: ఆబిడ్స్, నాంపల్లిలో ఒక పగలు

మా ఆనకట్ట గేట్లను నీళ్లలో దిగి చూడడానికి, బుడగలు పైకి రాని కొత్త శ్వాస సెట్టు విశాఖ నుంచి నాంపల్లి స్టేషనుకు పార్సిల్లో వచ్చిందని తెలియగానే నాకు కడుపుమంట మొదలైంది. దాని వాడకం విశాఖలో నేర్చుకున్నవాణ్ణి నేను. కానీ నా కర్ణభేరి దెబ్బతినడంతో డాక్టరు నీళ్లలోకి దిగొద్దన్నాడు. దిగే అవకాశం నల్గొండ వైపు నుంచి వచ్చిన యాదగిరికి దక్కింది. సెట్టు తెచ్చి, అమర్చి, అతనికి తొడగడం నా వంతు.

అది అరవైల చివరి ఎండాకాలం. యాదగిరీ నేనూ తెల్లవారుజామునే బస్సెక్కి, ఎండ ముదరకముందే కోఠిలో దిగాం. అక్కడి నుంచి ఆబిడ్స్‌కు నడకే. సెట్టులో నింపాల్సిన సోడాలైం గుళికలు, ఆపరేషన్ గదుల్లో మత్తు యంత్రాలకు వాడేవే, అక్కడి ఒక మందుల దుకాణంలో దొరికాయి. నీళ్లలో దిగే పనికని చెబితే దుకాణదారు, యాదగిరి ఛాతీ చూసి, దిగేది ఈయనేనా అని మర్యాదగా అడిగాడు. నా వైపు చూడనైనా లేదు. రిక్షాకు అర్ధరూపాయి ఇచ్చి నాంపల్లి లాడ్జికి చేరాం. యాదగిరిని గదిలో ఉంచి పార్సిలు కోసం, ఆక్సిజన్ సిలిండరు కోసం నేను వెళ్లాను. స్టేషను పక్కనే అయినా పార్సిలాఫీసులో మధ్యాహ్నమంతా పోతుంది, మీరెప్పుడైనా వెళితే భోంచేసి వెళ్లండి. తిరిగొచ్చేసరికి అతను నాకోసం చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి ఉంచాడు. అతని మంచితనం కూడా నాకు గిట్టలేదు.

ఈ సెట్టులో మనం వదిలిన ఊపిరి బయటికి పోదు. సోడాలైం డబ్బాలోంచి వెళ్తుంటే అందులోని చెడుగాలిని గుళికలు పీల్చుకుంటాయి. మిగిలింది సంచిలోకి చేరుతుంది, తగ్గిన ఆక్సిజన్ సిలిండరు నుంచి కలుస్తుంది. నేను చాయ్ తాగేలోపు డబ్బా యాదగిరే నింపాడు. ఊపి చూశాను, గుళికలు కదల్లేదు, గట్టిగానే కూరాడు. లాడ్జి పెరట్లోని నీళ్ల హౌజులో సెట్టు ముంచి బుడగలు రావడం లేదని చూసుకున్నాం. లోపలి మామూలు గాలి పోయేలా సంచిని మూడుసార్లు ఖాళీచేసి ఆక్సిజన్‌తో నింపాం. ఇక ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని కాసేపు పీల్చి చూడాలి. గాలి చెడితే పీల్చేవాడికి తెలియదు కాబట్టి ఎదురుగా ఇంకొకరు ముఖం గమనిస్తుండాలి. సెట్టు అతనికి కుట్టించినట్టు సరిపోయింది. కళ్లలో నిప్పులు పోసుకుని అతన్నే చూస్తూ కూర్చున్నాను.

అందుకే కనిపెట్టగలిగాను. అతని భుజాలు ఎగసిపడుతున్నాయి. ఫ్యాను కింద కూర్చున్నా నుదుట చెమట పట్టింది. బాగానే ఉందని బొటనవేలు చూపించాడు. నేను నమ్మలేదు. నోట్లోని గొట్టం లాగేసి డబ్బా విప్పాను. కుమ్మరిస్తే గుళికలు వేయించిన శనగల్లా పొడిగా గలగలలాడాయి.

"వీటినేం చేశావు?"

"తడితడిగ ఉండెనన్నా. దుకాణమోడు నానిన సరుకిచ్చిండనుకొని డాబా మీద ఎండబోసిన," అన్నాడు తల పట్టుకుని.

పప్పు మెత్తబడితే మన ఇళ్లలో చేసే పనే చేశాడు. కానీ ఆ తడి ఉంటేనే సోడాలైం చెడుగాలిని పీల్చుకుంటుంది. అదే నీళ్లలో జరిగి ఉంటే అతను పైకి వచ్చేవాడు కాదు. దుకాణం మూసేలోపు ఆబిడ్స్‌కు పరుగెత్తి ఇంకో డబ్బా తెచ్చాం.

మర్నాడు బస్సులో దారిపొడవునా, ఆనకట్ట ఇంజనీరుతో ఒక్క మాట చెబితే యాదగిరి పని అయిపోతుందని లెక్కలేసుకున్నాను. తీరా ఆయన ముందు నేను నోరు తెరిచేలోపే యాదగిరే అంతా చెప్పేశాడు.

"దిగుతా సార్. గాని నడుముకు గట్టే తాడు అన్న చేతులనే ఉండాలె. నన్ను గంత రెప్పార్పకుండ ఇంకెవ్వరు జూడరు."

నా కుళ్లు వాడికి ముందే తెలుసన్నమాట. సిగ్గుతో ముఖం తిప్పుకున్నా, తాడు మాత్రం అందుకున్నాను. వాడు మునిగాక నీటిపై ఒక్క బుడగా లేదు. అక్కడ ఉండాల్సింది నేను కదా అని కుళ్లుకుంటూనే, తాడు ఎప్పుడు కదులుతుందా అని ఊపిరి బిగబట్టాను. ఆఖరికి వాడు ఒకసారి లాగాడు, క్షేమమని. ఇలాంటి సెట్టుతో దిగేవాళ్లకు నేను చెప్పేదొకటే: సోడాలైం తడి ఆరనివ్వకండి, కుర్చీలో పీల్చి చూసేటప్పుడు ఎదురుగా మీరంటే కుళ్లుకునేవాణ్ణి కూర్చోబెట్టుకోండి.