ఐసు గదిలో తెలుగు జిన్ను

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద భక్తి ఎంత ఉండేదో చెప్పలేను గానీ, ఆ భక్తి నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయం మాత్రం గంపెడు ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు. బరంపురంలో ఫ్రిజ్‌ల రిపేరు నేర్చుకుని, ఒమాన్‌లో చేపలు నిలవచేసే ఒక ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్‌ ఉద్యోగం సంపాదించాను. వెళ్లేముందు రామయ్యపట్నంలో ఉన్న మా మామ్మకు చెప్పడానికి వెళితే, ఆవిడ నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ అన్న వెంటనే అదే చేత్తో నా చెవి మెలేసింది. "ఒరే, ఆడంతా సాయిబులు. యేసుపెబువు పేరు నోట్లోంచి రానీకు. కడుపులోనే ఎట్టుకో. తెలిసిందా?" అంది. మామ్మ ఏ దేశమూ చూసిన మనిషి కాదు (సముద్రం కూడా ఒడ్డు నుంచే చూసింది). అయినా ఆ మాట పట్టుకుని, మెడలో సిలువ తీసి సాక్సులో దాచి, బైబిలును రిపేరు సామాన్లుండే పానాల పెట్టె అడుగున పెట్టుకుని విమానం ఎక్కాను.

గల్ఫ్ అంటే ఎండ మాడ్చేస్తుందనుకున్నాను. నేను దిగింది దక్షిణాన, కొండల కింద ఉన్న చిన్న సముద్రపుటూరు. వానాకాలమంతా అక్కడ పొగమంచే. మిట్టమధ్యాహ్నం కూడా పది అడుగుల అవతల ఏముందో తెలియదు. సముద్రం కనబడదు, దాని రొప్పు మాత్రం వినబడుతూ ఉంటుంది. నడుస్తుంటే తెల్లటి పొగలోంచి ఒక ఒంటె మొహం హఠాత్తుగా బయటికొచ్చి, మనల్ని పరీక్షగా చూసి, మళ్లీ చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. అలాంటి చోట నాకు మిగిలిన దిక్కు ఇద్దరు. ఒకరు మా వంటాయన. ఆయనదీ బరంపురమే, సాయిబు. ప్రతి శుక్రవారం కూరగాయలు వేసి మన ఒడియా పప్పు దాల్మా వండేవాడు గనక ఆయన్ను అందరం దాల్మా బాబాయి అనేవాళ్లం. రెండో ఆయన కాపలా ముసలాయన, ఆ ఊరివాడే. ఆయన్ను హాజీ తాత అని పిలిచేవాళ్లం. మనవాళ్లతో పనిచేసీ చేసీ ఆయనకు హిందీ బాగా వచ్చు.

టీ తాగేటప్పుడు హాజీ తాత నన్ను తీరిగ్గా చూసేవాడు. "నువ్వు నమాజు చెయ్యవు, పూజా చెయ్యవు. మరి నీకెవరున్నారు?" అని అడిగాడొకసారి. "అమ్మ, నాన్న, ఒక చెల్లెలు" అన్నాను. ఆయన నవ్వలేదు. "మనిషన్నవాడు ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా" అని గ్లాసు కింద పెట్టాడు.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకుంటే, పాడైపోయిన రెండో ఐసు గదిలోకి వెళ్లి, రిపేరు వంకతో తలుపేసుకుని ప్రార్థన చేసుకునేవాణ్ణి. అలా ఒక నెల గడిచాక హాజీ తాత మెల్లగా ఒక సంగతి చెప్పాడు. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటుంటే రెండో ఐసు గది గోడలోంచి ఒక గొంతు వస్తోందట. ఏ దేశపు భాషో తెలియదట. మూలుగుతుందట, బతిమాలుతుందట, ఒక్కోసారి పాడుతుందట. "జిన్ను" అన్నాడు, మన దయ్యం లాంటిదన్నమాట. "పాడుబడిన చల్లటి గదులంటే వాటికి ఇష్టం."

నేను రోజూ కూర్చునేది ఆ గదిలోనే. (ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం కాలేదు.) భయం కొద్దీ ప్రార్థన రెట్టింపు చేశాను. నేను పెంచినకొద్దీ జిన్నూ పెంచిందని హాజీ తాత చెబుతుంటే, ఇది మామూలు జిన్ను కాదనుకున్నాను. పనివాళ్లు ఆ గోడ పక్కనుంచి నడవడం మానేశారు.

చివరికి ఒకనాడు దాల్మా బాబాయి ధైర్యం చేసి ఆ గోడకు చెవి ఆనించాడు. ఆ సాయంత్రం నేను వంటగదిలోకి వెళ్లేసరికి పెట్టె సర్దుకుంటున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏటయ్యింది బాబాయ్?"

"ఒరే, ఆ జిన్ను తెలుగు మాటాడతంది. అదీ మామూలు తెలుగు కాదు. 'వేడుకొనుచున్నాను' అంటంది. ఎన్నొందల ఏళ్ల నాటి జిన్నో! దానికి నా పేరు తెల్సురా. దాల్మా బాబాయి మోకాళ్లు అంటంది. నా మోకాళ్లతో దానికి ఏటి పని? రేపే ఎల్లిపోతాను."

ఒప్పందం మధ్యలో వదిలేస్తే ఆయన్ను మళ్లీ ఆ దేశంలోకి రానివ్వరు. ఇంటి దగ్గర ఐదుగురికి ఆయనే ఆధారం. మోకాళ్ల నొప్పితో ఆయన పొయ్యి దగ్గర నిలబడలేకపోవడం చూసి, వారం నుంచీ ఆ నొప్పి కోసం ప్రార్థన చేస్తున్నది నేనే. ఆ గదిలో తుప్పు పట్టిన గొట్టం కోసి, గోడ అవతలికి తెరుచుకున్న మిగతా ముక్కను మూయకుండా వదిలేసిందీ నేనే.

"బాబాయ్, ఆ జిన్ను నానే" అన్నాను.

"నువ్వు ఊరుకోరా, నన్ను ఆపీడానికి సెప్తన్నావు."

"కాదు బాబాయ్. నాను కిరస్తానం."

"మరి యేసు మాటే ఇనబడ్లేదేటి?"

"ఆ పేరొచ్చినప్పుడు గొంతు తగ్గించీసీవోణ్ణి."

ఆయన నమ్మలేదు. మర్నాడు మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. దాల్మా బాబాయి, హాజీ తాత గోడ దగ్గర నిలబడ్డారు, నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాను. ఆ చీకట్లో మోకరించి, ఆ దేశంలో మొదటిసారి యేసు పేరు గొంతెత్తి పలికాను. దాల్మా బాబాయి మోకాళ్ల కోసం అడిగాను. హాజీ తాత కోసం కూడా అడిగాను. చివర్లో మామ్మ పాడే పాట ఒకటి పాడి, తలుపు తీసుకుని బయటికొచ్చాను.

బాబాయి నేల మీద కూర్చుని కళ్లొత్తుకుంటున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "నా మోకాళ్ల కోసం ఇన్నాళ్లు దొంగలాగ దాక్కున్నావేటిరా, ఎర్రోడా!" అన్నాడు. హాజీ తాత తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఈసా, అదే మీ యేసు, మాకూ ప్రవక్తే. ఆయన పేరు చెబితే నేను నిన్ను కొడతాననుకున్నావా?" అని, కాసేపు నా వెనకున్న తలుపు వైపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు.

"పాట పాడుతున్నప్పుడు నీతో ఉన్న రెండో మనిషి బయటికి రాడేం?"

లోపల ఎవరూ లేరని చెప్పాను. ముగ్గురం వెళ్లి తలుపు బార్లా తీసి చూశాం. ఖాళీ గది, నా పానాల పెట్టె, నేల మీద నా మోకాళ్ల తడి గుర్తులు, అంతే. గొట్టంలో గొంతు రెండుగా పలికి ఉంటుందని మెకానిక్‌గా నేను వివరించాను. హాజీ తాత మర్యాదగా తలూపాడు.

ఇప్పుడు దాల్మా బాబాయి బరంపురంలోనే బిరియానీ కొట్టు పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో కనబడితే చాలు, "జిన్ను ఒచ్చింది, పలావెట్టండి!" అని కొట్టంతా వినబడేలా అరుస్తాడు. కథంతా గిరాకీలకు చెప్పి నవ్విస్తాడు గానీ, పాట దగ్గరికొచ్చేసరికి ఆపేస్తాడు. "రెండో గొంతు నువ్వూ ఇన్నావా బాబాయ్?" అని మొన్న అడిగాను. ఆయన బిరియానీ డేగిసా మూత తీసి, ఆవిరిలోకి చాలాసేపు చూసి, "తిను, సల్లారిపోతాది" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఆ ఐసు గదిలో ఒంటరిగా ఉన్నాననుకుని వణికిపోయిన కుర్రాణ్ణి తలుచుకుని, నాలో నేనే నవ్వుకుంటూ తిన్నాను.