టైమ్‌కీపరు గారు పారేసినవి

బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు టైమ్‌కీపరుగా పనిచేసిన ఆ పెద్దమనిషికి జీవితం మొత్తం మీద ఒకే ఒక్క రహస్యం ఉండేది. ఆయన తాగి ఎరగడు, పేక ముక్క పట్టి ఎరగడు, ఒక్క బస్సుని కూడా ఒక్క నిమిషం ముందు వదిలి ఎరగడు. కానీ చాటుగా వస్తువులు పారేసేవాడు.

ఇందులో దాచుకోవడానికి ఏముంది అనిపిస్తే, ఆయన భార్య సంగతి తెలియదన్నమాట. ఎనిమిది కాపురాలున్న ఆ భవనంలో ఆవిడని అందరూ ‘పారేయొద్దక్క’ అనేవారు. ఎవరి చెయ్యి చెత్తబుట్ట వైపు కదిలినా ఆవిడ నోటి వెంట ముందుగా వచ్చే మాట అదే. ఆ ఇంట్లో పళ్లు తోముకునే బ్రష్షు అరిగిపోతే దానికి బదిలీయే తప్ప రిటైర్మెంటు ఉండేది కాదు. మొదట కుళాయి మూలల్లో పాచి తోమేది. తర్వాత కిటికీ సందుల్లో దుమ్ము దులిపేది. కుచ్చంతా రాలిపోయాక కాడకి చిల్లు పెట్టి, దాంతో పైజమాలకి నాడా ఎక్కించేవారు. అరిగిన సబ్బుముక్కలన్నీ జత తప్పిన ఓ మేజోడులో చేరి, మూతి ముడేసుకుని, ఇంకో నెల నురగ ఇచ్చేవి. టైమ్‌కీపరు గారి చొక్కా కాలరు చిరిగితే ఆవిడ తిరగేసి కుట్టేది. అదీ చిరిగితే చొక్కా దిండు గలీబయ్యేది, గలీబు సంచీ అయ్యేది, సంచీ మసిగుడ్డ అయ్యేది. ఒక్కోసారి ఆయన వేడి గిన్నె దించుతూ, చేతిలోని గుడ్డని ఎక్కడో చూసినట్టుందే అనుకుని, అది తన పెళ్లిచూపుల నాటి చొక్కా అని గుర్తుపట్టి కాసేపు అలాగే నిలబడిపోయేవాడు.

అలాగని ఆవిడ పిసినారి కాదు. ఇంటికి ఎవరొచ్చినా రెండోసారి కూడా కప్పు నింపేది. అడిగినవాళ్లకి లేదనేది కాదు. ఒక వస్తువు మొహం మీద ‘ఇక నీతో పని లేదు’ అనడం మాత్రం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

ఆయన పారేయడం మొదలుపెట్టింది పెళ్లయిన రెండో ఏట, ఒక దువ్వెనతో. దానికి మూడే పళ్లు మిగిలాయి. ఆవిడ దాన్ని అద్దం పక్కన పెట్టి, “దేనికో ఒకదానికి పనికొస్తుందిలెండి” అంది. ఆ ఒకటీ ఏమిటో తేలకుండానే నాలుగు నెలలు గడిచాయి. రోజూ పొద్దున్నే ఆ మూడు పళ్లూ తనని చూసి ఇకిలిస్తున్నట్టు ఉండేది ఆయనకి. ఓ రోజు దాన్ని టిఫిన్ క్యారేజీ సంచిలో వేసుకుని డిపోకి పట్టుకెళ్లి, తన బల్ల కింద ఉన్న రేకు డబ్బాలోకి జారవిడిచాడు. ఠంగుమంది. ఆ చప్పుడుకి ఆయన ఒళ్లు పులకరించింది.

ఆ రోజు నుంచి పనిదినానికి ఒకటి చొప్పున సాగింది. దొంగతనమైనా పద్ధతిగా చేసే మనిషి కాబట్టి నియమాలు పెట్టుకున్నాడు. ఆవిడ ఇంకా ఏ పనీ అప్పగించని వస్తువునే తియ్యాలి. రోజుకి ఒకటి దాటకూడదు. ఆవిడ వెతికితే తనూ వెతకాలి. ఈ మూడోదే కష్టమైంది. “ఇక్కడే పెట్టానండీ ఫ్లాస్కు మూత” అని ఆవిడ అంటే, ఆయన టార్చిలైటు పట్టుకుని మంచం కిందికి దూరి, తుమ్ముకుంటూ గంటసేపు దేవులాడేవాడు. పాపం, ఈయనకి నా సామాను మీద ఎంత శ్రద్ధో అని ఆవిడ మురిసిపోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. ఆయన అవి గబగబా తాగేసి మళ్లీ మంచం కిందికి దూరేవాడు.

అరవయ్యో ఏట డిపోవాళ్లు చప్పట్లు కొట్టి ఆయన్ని ఇంటికి పంపారు. తనకిక రేకు డబ్బా లేదన్న సంగతి మర్నాడు పొద్దున సంచీ సర్దుకోబోతుంటే తెలిసొచ్చింది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు, మూత పోయిన ఆ ఫ్లాస్కుని చొక్కా కింద దాచుకుని దిగి, భవనం ముందున్న పచ్చ చెత్తడబ్బాలో వేసి వచ్చాడు. ఆయన ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు, కింది అంతస్తు దర్జీ తలుపు కొట్టాడు.

“అక్కయ్యా, ఇది మీదేగా? గాలికి ఎగిరిపడినట్టుంది.”

రెండోసారి పక్కవీధి డబ్బాలో వేశాడు. మూడో అంతస్తు లెక్కల టీచరమ్మ బడి నుంచి వస్తూ తీసుకొచ్చింది. మూడోసారి ఊరి చివరికి వెళ్లే బస్సెక్కి, సీటు కింద వదిలేసి దిగిపోయాడు. కండక్టరు నలభైమంది ప్రయాణికులతో బస్సుని వీధిలో ఆపించి, మెట్లెక్కి వచ్చి సెల్యూటు కొట్టాడు.

“మర్చిపోయారు సార్! మీ వస్తువు మేం పోనిస్తామా?”

భవనంలో వాళ్లంతా అప్పటికే ఆవిడ శిష్యులైపోయారు. ఆదివారాల్లో మెట్ల మీద క్లాసు జరిగేది. పాలప్యాకెట్లు కడిగి ఆరేసి, కత్తిరించి చాపలు అల్లడం, టూత్‌పేస్టు ట్యూబుని నిలువునా కోసి ఇంకో వారం నడపడం, టీపొడి పిప్పిని కుండీల్లోకి చేర్చడం, అన్నీ నేర్పేది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ భవనం నుంచి బయటికి పోయేవి మనుషులూ, స్నానాల నీళ్లూ మాత్రమే. నీళ్లు కూడా రెండిళ్లలో ఆగిపోయాయి.

అప్పుడొచ్చాడు చెత్తబండి సూపర్‌వైజరు. మెడలో కార్డు, చంకలో పుస్తకం.

“రెండు నెలలైంది, మీ డబ్బాలో చిత్తుకాగితం కూడా లేదు. ఎనిమిది కాపురాలు. తింటున్నారు, తాగుతున్నారు. చెత్తేది?”

“లేదండీ” అన్నాడు దర్జీ గర్వంగా.

“లేకపోవడం కుదరదు. నా పుస్తకంలో సున్నాకి గడి లేదు. చెత్త లేదంటే ఎక్కడో దొంగచాటుగా పారబోస్తున్నట్టే లెక్క. శుక్రవారానికల్లా చూపించండి. లేదా నోటీసు పుచ్చుకోండి.”

దొంగచాటుగా అన్న మాట వినగానే టైమ్‌కీపరు గారు మెట్ల కమ్మీ పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మెట్ల మీద అందరూ సమావేశమయ్యారు. ఎవరింట్లో వాళ్లు వెతుక్కున్నారు. దర్జీ దగ్గరున్న గుడ్డపీలికలన్నీ దిండ్లలోకి వెళ్లిపోయాయి. టీచరమ్మ గుడ్డుపెంకులు మొక్కలకి పెట్టేసింది. ఆఖరికి దర్జీయే దారి చూపించాడు.

“పక్కవీధిలో మా బావమరిది ఉన్నాడు. రెండు బస్తాల చెత్త చేబదులుగా ఇప్పిస్తాను. వచ్చే వారం తిరిగి ఇచ్చేయాలి మరి.”

గురువారం మధ్యాహ్నం రెండు బస్తాలూ వచ్చాయి. వాటిని డబ్బాలో బోర్లించే ముందు ఓసారి చూస్తానంటూ పారేయొద్దక్క కొంగు బిగించి కూర్చుంది. “అయ్యో, సీసాలు! అయ్యో, ఇంత పొడుగు తాడా! ఈ అట్టపెట్టెకేం రోగం?” అంటూ ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతుంటే, ఎవరి అవసరానికి తగినవి వాళ్లు పట్టుకుపోయారు. పొద్దు వాలేసరికి బస్తాలు ఖాళీ. ఆ బస్తాలు కూడా ఉతికి డాబా మీద ఆరేసింది.

శుక్రవారం పొద్దున బండి వచ్చింది. సూపర్‌వైజరు డబ్బా మూత ఎత్తి చూసి, లోపలికి తల పెట్టి మరీ చూసి, పెన్ను తీశాడు.

“మా దగ్గర చెత్త లేదు బాబూ. ఎప్పుడూ లేదు” అంది ఆవిడ. “కావాలంటే ఇల్లు సోదా చేసుకో. మా ఇంట్లో పెళ్లైనప్పటి నుంచీ ఒక్క పుల్ల కూడా పారేసి ఎరగం.”

ఎనిమిది కాపురాల వాళ్లూ తలలూపారు. టైమ్‌కీపరు గారి తల మాత్రం కదల్లేదు.

“నేను పారేశాను” అన్నాడాయన.

“ఏమిటీ?” అంది ఆవిడ.

“రోజుకొకటి. ముప్పై ఏళ్లు. డిపోలో.”

అందరికంటే ముందు తేరుకున్నది సూపర్‌వైజరు. “డిపోనా? అది పక్క వార్డు!” అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. “అంటే మా వార్డు చెత్త ఇన్నేళ్లూ అక్కడి సూపర్‌వైజరు పుస్తకంలో పడిందా? ఏటేటా వాడికే ప్రశంసాపత్రం ఇస్తుంటే, వాడిలో ఏముందా అని నేను కుమిలిపోయాను కదండీ!”

నోటీసు సంగతే మర్చిపోయిన సూపర్‌వైజరుని ఓదార్చడానికి దర్జీ కుర్చీ తెప్పించాడు. ఆవిడ మాత్రం భర్తనే చూస్తోంది.

“గొడుగు పిడి?”

“నేనే.”

“చిల్లు గరిటె?”

“చిల్లు పడిందని...”

“చిల్లు పడిందనే కదండీ దాచాను, నూనె ఓడ్చడానికి!” అని, ఇంకేదో అడగబోయి ఆగింది. “మరి నాతో కలిసి వెతికారు. మంచం కింద దూరి మరీ వెతికారు.”

ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. కంచం పెట్టేది, గ్లాసు పెట్టేది, కిటికీ దగ్గర కూర్చునేది. ఆయన ఇల్లంతా తిరుగుతూ, తాకకూడని చోటికి వచ్చినవాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం బఠాణీలు ఒలుస్తూ ఆవిడే నోరు విప్పింది.

“నాతో చెప్పి ఉండొచ్చుగా?”

“చెబితే పారేయనిచ్చేదానివా?”

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. నాలుగు కాయలు ఒలిచేంతసేపు ఆలోచించింది.

“ఇచ్చేదాన్ని కాదు” అంది. “అయినా, వెతుకుతున్నప్పుడు తుమ్ములొచ్చేవి కదా మీకు. అవైనా నిజమేనా?”

“నిజమే.”

“సరే అయితే” అంది, కొంచెం కుదుటపడి. “ఇకమీదట శుక్రవారానికి ఒకటి. చాటుగా వద్దు. నా కళ్ల ముందే పట్టుకెళ్లండి. ఆ సూపర్‌వైజరు కూడా పాపం ఏడుస్తున్నాడు.”

ఇంత సులువుగా అనుమతి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. శుక్రవారం పెందలాడే లేచి, ఇల్లంతా తనదే అన్నట్టు బయల్దేరాడు. ముందు విరిగిన బట్టల క్లిప్పు ఒకటి తీశాడు. పుస్తకంలో పేజీ గుర్తుకి బాగుంటుందే అనిపించింది. పెట్టేశాడు. అంచు ఊడిన మూకుడు ఎత్తాడు. పిట్టలకి నీళ్లు పెట్టొచ్చు. ఒంటి చెప్పు పట్టుకున్నాడు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టొచ్చు. దొంగచాటుగా తీసినప్పుడు ఇవేవీ తట్టేవి కావు. లాక్కుని పరిగెత్తడమే ఉండేది. ఇప్పుడు తీరిగ్గా చేత్తో పట్టుకుని చూస్తుంటే ప్రతిదానికీ ఓ ఉద్యోగం కనిపిస్తోంది. బండి బెల్లు వీధి మలుపులో వినబడేసరికి ఆయనకి చెమటలు పట్టాయి.

“ఏమీ దొరకట్లేదే!” అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ స్టూలెక్కి, గోడ మీది గడియారం దించింది. డిపోవాళ్లు ఆయనకి వీడ్కోలు కానుకగా ఇచ్చింది అది. రోజుకి ఏడు నిమిషాలు ముందుకి పరిగెత్తేది. ఓ టైమ్‌కీపరుకి అంతకంటే అవమానం లేదు. ఆయన రోజూ మారుమాట్లాడకుండా సరిదిద్దేవాడు. ఆవిడ చూడనట్టే ఉండేది.

“దీన్ని పారేయండి.”

“కొత్తది కదా!”

“కొత్తదైతే? మీరు దాని వంక చూసినప్పుడల్లా పళ్లు కొరుకుతున్నారు. ఉన్న పళ్లు అరిగిపోతే మళ్లీ ఎక్కణ్ణుంచి తేను?”

గుమ్మం దాటబోతుంటే ఆవిడ మళ్లీ పిలిచింది. “ఒక్క నిమిషం.” బ్యాటరీ తీసుకుంది, టార్చిలైటుకి. అద్దం తీసుకుంది, ఫొటోకి. మరలు విప్పి డబ్బాలో వేసుకుంది. చుట్టూ ఉన్న చట్రం కూరలబుట్ట మీదికి మూతలా సరిపోయింది. అంకెల పలక టీచరమ్మకి పనికొస్తుందంది. మిగిలిన మూడు ముళ్లూ ఆయన అరచేతిలో పెట్టింది.

“వారానికి ఒకటని కదా ఒప్పందం” అని రెండు వెనక్కి తీసుకుంది.

టైమ్‌కీపరు గారు సెకండ్ల ముల్లుని రెండు వేళ్లతో పట్టుకుని మెట్లు దిగి, అందరూ చూస్తుండగా పచ్చ డబ్బాలో వేశాడు. చప్పుడు కాలేదు. సూపర్‌వైజరు దాన్ని తీసి తూకంలో పెట్టాడు. తూకం కదల్లేదు. అయినా ఆయన పుస్తకం తెరిచి, గుండ్రటి అక్షరాలతో ‘చెత్త: ఉంది’ అని రాసి, దాని కింద గీత గీశాడు.

“వచ్చే వారం సంగతేంటి సార్?” అన్నాడు ఆశగా.

“నిమిషాల ముల్లు” అన్నాడు టైమ్‌కీపరు గారు. “కాస్త పెద్దది.”