ఎండకు పెట్టిన ఇంగ్లీషు రికార్డులు

ఈ రీడింగ్ రూములో కూర్చునే పెద్దమనుషులంతా ఏళ్ల తరబడి నా ఇంగ్లీషు రికార్డులను కుక్కల ఏడుపు అంటున్నారు. నాకు చదువు అంతంత మాత్రమే, ఆ పాటల్లో మాటలూ తెలియవు. అయినా కాకినాడ రేవులో ఓడ దిగినవాళ్ల దగ్గర ఒక్కొక్కటే కొన్న రాక్ పాటలు, గుండె లోతుల్లోంచి పాడే సోల్ పాటలు అవి. అట్ట మీద బొమ్మను బట్టి ఏది ఏదో చెప్పగలను. కుక్కల ఏడుపు అని మొదట అన్నది మా ఆవిడే. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

నిన్న ముసురు విడిచి ఎండ కాసింది. సాయంత్రం ధవళేశ్వరం నుంచి వచ్చి డాబా ఎక్కాను. మిరపకాయల పక్కన, చాప మీద, నా రికార్డులన్నీ పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది.

“ఎవరే ఈ పని చేసింది?” అని అరిచాను.

“నేనేనండి. బూజు పట్టి పాడైపోతున్నాయని ఎండబెట్టాను,” అంది మా ఆవిడ.

“అవేమన్నా వడియాలటే?”

“నాకేం తెలుసండి? ఆ ఏడ్చే అమ్మాయి పాటకి తేమ ఎక్కువుందని రెండు వైపులా తిరగేశాను కూడా. మీరు ఇంట్లో లేనప్పుడు నేను పెట్టుకుని వినేది అదేనండి.”

 ఇన్నేళ్లూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు! అన్నిటికంటే ఎక్కువ వంకరపోయింది ఆ పాటే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆవిడ అన్నం ముట్టలేదు.

వంకరపోయిన రికార్డును సాపు చేసే ఉపాయం తెలిసినవాళ్లు ఈ నోటీసు బోర్డు మీదే, నా చీటీ కింద రాయండి. నవ్వుకునేవాళ్లు తర్వాత నవ్వుకోవచ్చు. ఆదివారం పొద్దుటికల్లా నాకు జవాబు కావాలి.