రంగు దీపాల బస్సు, మట్టిలో గీత

నా చిన్నప్పుడు పలక పగిలిందని సాకు చెప్పి బడి మానేశాను. పలకలు తవ్వే మార్కాపురం పక్కన పుట్టి ఆ సాకు చెప్పిన తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ముప్పై గొర్రెల మంద నాకు అప్పగించడానికి మా నాయన ఒప్పుకున్నాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. సాయంత్రం మందను ఒక్కడినే రోడ్డు దాటించగలనని మా తాతయ్య చెప్పాలి.

మా తాతయ్యకు అనుమానం జాస్తి. చెంబులో నీళ్ళు కూడా రెండుసార్లు తొంగిచూసి గానీ తాగడు. మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉన్న తెల్లదొరల కాలం అది. గిద్దలూరు పోయే బస్సు రోజుకొక్కటే, సరిగ్గా మందలు ఇంటికి మళ్ళే మునిమాపువేళ వచ్చేది. ఆ ఏడాది దాని యజమాని బస్సు నుదుటిన ఎర్రవీ ఆకుపచ్చవీ చిన్న దీపాలు దండలాగా కట్టించాడు. లాంతరు తప్ప మరో వెలుగు ఎరగని ఊరు మాది. పొద్దు గూకితే పిల్లలమంతా రోడ్డు మీదే.

తాతయ్యకు మాత్రం ఆ దీపాలు గిట్టేవి కావు. "ఉత్తపుణ్యానికి ఇంత సింగారం ఎవడు చేస్తాడురా? ఆ బుడ్డ దీపాలు వచ్చినకాడ్నించి ముందరి పెద్ద దీపాలు మసకబారినాయి, చూసినావా?" అనేవాడు. నేను చూడలేదు. నాకు ఆయన మీదే అనుమానం. బస్సువాడు ఎప్పుడో ఊరికే ఎక్కించుకోనన్నాడు కాబోలు, అదీ ఈ కడుపుమంట అనుకున్నాను.

ఒక సాయంత్రం నన్ను రోడ్డు అంచున నిలబెట్టి, నా కాలివేళ్ళ ముందు మట్టిలో కర్రతో గీత గీశాడు.

"బస్సు వస్తాది. దీపాలు ఎన్నో ఎంచి చెప్పు. గీత దాటకుండా చెప్తివా, రేపట్నించి మంద నీదే."

ఇంత సులువైన పరీక్షా! ఇందులో ఏదో మోసముందని తోచింది. గీతను రెండుసార్లు చూసుకున్నాను, ఆయన ముఖాన్ని మూడుసార్లు చూశాను. ఏమీ దొరకలేదు.

బస్సు వచ్చింది. ఎర్రది, పచ్చది, మళ్ళీ ఎర్రది... ఎంచుతూ పోయాను. మధ్యలో నడుము దగ్గర ఏదో చురుక్కుమంది. చీమ అనుకున్నాను. ముఖాన దుమ్ము కొట్టి బస్సు వెళ్ళిపోయింది.

"పదమూడు!" అని అరిచాను.

"పదమూడే. గీత ఏదిరా మరి?"

ముందర లేదు. వెనక్కి తిరిగితే రెండడుగుల అవతల ఉంది. నా బొటనవేలికి జానెడు దూరంలో టైరు అచ్చు. చీమ అనుకున్నది నా మొలతాడు. తాతయ్య దాన్ని వేలికి చుట్టి వెనకనుంచి బిగబట్టి ఉన్నాడు. నడిచిన సంగతి నా కాళ్ళు నాకు చెప్పనేలేదు.

"వాడు హారను కొట్టినాడా?" అని అడిగాడు. కొట్టలేదు. "వానికి నువ్వు కనపడితే గదా. నీకేమో ఆ దీపాలు తప్ప బస్సే కనపడకపాయె" అన్నాడు. మసకబారిన పెద్ద దీపాల సంగతి అప్పుడు నా బుర్రకెక్కింది.

ఇప్పుడు ఆటోలూ ట్రాక్టర్లూ పెళ్ళికూతురి కన్నా ఎక్కువ ముస్తాబై వస్తుంటే జనం నోరు తెరిచి చూస్తారు. నేను ముందు నా కాళ్ళ వంక చూసుకుంటాను, తర్వాత చక్రం ఎక్కడుందో వెతుక్కుంటాను. అవి అయ్యేసరికి బండి దాటిపోతుంది. ఇన్నేళ్ళుగా నేను చూసిన సింగారమంతా బళ్ళ వెనకభాగమే. అయినా ఆ అనుమానాన్ని వదులుకోలేదు.

ఆ రోజు మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. ఇంటికి నడుస్తూ మాట తిప్పాను. లెక్క తప్పలేదు కదా, ముందుకు పోయినా పట్టుకోవడానికి నువ్వున్నావు కదా తాతా, మంద ఇచ్చెయ్యమని బతిమాలాను. తాతయ్య నడక ఆపకుండానే అన్నాడు.

"నిన్నంటే మొలతాడు పట్టి ఆపినాను. నువ్వు ఎటు పోతే అటే వచ్చే ముప్పై గొర్రెల్ని దేన్ని పట్టి ఆపాలిరా?"